గుజ్జు

ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి
డాక్టరు పిలగాడు అన్నడు:
"గుజ్జు అరిగిపోయిందమ్మా."
నాకు నవ్వొచ్చింది.
మామిడిపండుల ఉండేది
మోకాలిచిప్ప కింద కూడ ఉంటదని
డెబ్బై ఏండ్లకు గాని తెల్వకపాయె,
అదీ అయిపోయినంక.

తెల్లగ రెండు బొక్కలు,
నడుమ వెంట్రుకంత సందు.
కొత్తవాడల మా గల్లీ కూడ గంతే,
ఎదురుంగ సైకిలొస్తె ఒకలు గోడకు అతుక్కోవాలె.

"కింద కూసోవద్దు" అన్నడు.
నలభై ఏండ్లు గుంతల కాళ్లేసి
జంపఖానాలు నేసినదాన్ని పట్టుకొని!
మెట్లెక్కొద్దు, బరువెత్తొద్దు,
వద్దులన్నీ చీటీ మీద రాసిచ్చి
చెయ్యాల్సింది మాత్రం
పక్క గదిల పిల్లను అడగమన్నడు.

నౌషీన్. మండిబజారు పిల్ల.
తువ్వాల చుట్టచుట్టి నా మోకాలి కింద పెట్టి
"నొక్కు నానీ. అయిదు లెక్కపెట్టు. ఇగ వదులు."
నొక్కిన.
తొడ మీద ఎన్నడో నిద్రపోయిన కండ
ఉలిక్కిపడి లేచింది.

అరె,
ఇది నాకు తెల్సిన పనే.
ఎడమ పలక దిగితే కుడి పలక లేసేది,
పోగులు నోరు తెరిస్తె కండె దూరేది,
పంజాతోటి దమదమ కొట్టేది.
మగ్గం ఇప్పేసి పన్నెండేండ్లాయె.
కట్టె పొయ్యిలకు పోయింది,
ఇనుము తూకానికి పోయింది,
కాళ్లు నా తాననే ఉండిపోయినయి.
ఇగ పని లేదని
వాటికి ఎవలూ చెప్పలే.

ఇంటికొచ్చి మొదలుపెట్టిన.
వట్టి అంకెల మీద నాకు బుద్ధి నిలువది.
ఎరుపు అయిదు, నలుపు అయిదు, మల్ల ఎరుపు,
అంచు నేసినట్టు లెక్క.
వారం దినాలల్ల మూడు మూరలు నేసిన,
ఎవలూ కొననిది, ఎవలూ పరువనిది.

పొద్దుగాల మిల్లు ఉండె జాగ దాక నడుస్త.
సైరను మూగబోయి ఎన్నేండ్లో.
ఇప్పుడు నా మోకాలే కూస్తది, టక్కుమని,
మొదటి షిఫ్టుకు.

నొప్పి పోయిందా అని అడుగుతరు.
పోలే.
ముసురు పడితె వస్తది, చుట్టం లెక్క.
చాయ్ పోస్త, మాట్లాడుత,
మంచం మాత్రం ఎయ్య.
మొన్న బస్సెక్కేటప్పుడు
కండక్టరు చెయ్యి అందిచ్చిండు,
పట్టుకోలే. తర్వాత పాపం అనిపిచ్చింది,
టికెట్టు తీసుకుంట రెండు మాటలు మంచిగ మాట్లాడిన.

మా ఆగయ్య కత వేరే.
టీవీల చూపిచ్చిన నూనె,
బస్టాండుల అమ్మిన పట్టీ,
పక్కింటోళ్లు చెప్పిన ఆకు,
అన్నీ కట్టుకొని గోడ దిక్కు మళ్లి పండుతడు.
నేను కాలు ఎత్తినప్పుడల్లా
"ముసల్దానికి కసరత్తు" అని గొణుగుతడు.
ఈ వాడల అంచు పట్టుడంటె ఆయనే.
ఆయన చెయ్యి పడితె
పట్టె వంకర పోయిందని
ఏ షావుకారూ మాట అనలే.
రెండేండ్లాయె, గడప దాటింది
ఒక్క ఓట్ల దినమే.

రమ్మని బతిమాలిన.
కోపం చేసిన. ఒకనాడు ఏడ్చిన.
ఇగ సాలిచ్చుకున్న.

నిన్న తెల్లారంగ
ఎరుపు అయిదు, నలుపు అయిదు అనుకుంట ఉంటె
గోడ దిక్కు మళ్లిన మనిషి
అట్లనే ఉండి అన్నడు:
"నలుపు ఆరు.
అయిదేస్తె అంచు గుంజుకపోతది."

నేను తల తిప్పలే.
చూస్తె సిగ్గుపడి ఆపుతడని తెల్సు.
నలుపు ఆరు లెక్కపెట్టిన,
గట్టిగ, ఆ మంచం దాక ఇనబడేటట్టు.

దుప్పటి కింద
ఏదో జరంత లేసింది,
ఆగింది,
దిగింది.